జాకెట్టు ముక్కంత దూరం

దాదాపు రెండు నెలలపాటు నా లాప్‌టాప్‌లో రెండు ట్యాబ్‌లు మూతపడలేదు. ఒకదాంట్లో లైకా క్యూ2, ఇంకోదాంట్లో ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-టీ5. ఆఫీసు మీటింగులో మైకు మ్యూట్ చేసి ఒకటి, రాత్రి అన్నం తింటూ ఇంకోటి. మా ఆయన అటుగా వెళ్తూ "ఇంకా తేలలేదా?" అనేవాడు. తేలలేదు.

రెండిట్లో ఏదైనా కొనగలిగేంత డబ్బు చేతిలో ఉండటం నాకదే మొదటిసారి. నాన్న పోయిన ఏడాదికి పోస్టాఫీసు డిపాజిట్ల లెక్కలన్నీ తేలాక నా వాటాకి 3 లక్షల 40 వేలు వచ్చింది. "నీ పెళ్లికని వేసినవే అయ్యి. నువ్వేమో రిజిస్ట్రారాఫీసులో చేసుకుంటివి, ఖర్చే లేకపాయె. నీకేం కావాలో కొనుక్కో" అంది అమ్మ. బంగారం కొనుక్కోమన్నట్టే ఉంది ఆ గొంతు. నాకు కావాల్సింది కెమెరా. 2018లో కొన్న ఎక్స్-టీ20 ఒకటి ఉంది నా దగ్గర. బాగానే పనిచేస్తోంది. కానీ ఉన్నది బాగానే పనిచేస్తోందని కొత్త కెమెరా కొనడం మానేసినవాళ్లని నేనింతవరకూ చూళ్లేదు.

ఈ గొడవ తెలియనివాళ్లకి క్లుప్తంగా చెప్తాను. క్యూ2కి లెన్సు ఊడదు. 28 ఎం.ఎం. లెన్సు, ఎఫ్ 1.7. కెమెరా ఉన్నన్నాళ్లూ అదే. వెనకున్న సెన్సర్ మాత్రం పెద్దది. 36 ఎం.ఎం. వెడల్పు, 24 ఎం.ఎం. ఎత్తు. పాత ఫిల్మ్ రీలులో ఒక్కో ఫొటో ఎంతుండేదో అంత. ఫుల్ ఫ్రేమ్ అంటున్నది దీన్నే. ఫ్యూజీ సెన్సర్ 23.5కి 15.6 మాత్రమే. వైశాల్యం లెక్కేస్తే మొదటిది రెండోదానికి రెండింతల పైనే. కానీ ఫ్యూజీకి బటన్ నొక్కి తిప్పితే లెన్సు చేతిలోకి వచ్చేస్తుంది. ఇంకోటి పెట్టుకోవచ్చు. గదంతా పట్టేది ఒకటి, ముఖం మాత్రమే పట్టేది ఒకటి, అవతలి వీధిలో మనిషిని పక్కింటి మనిషిలా చూపించేది ఒకటి.

పెద్ద సెన్సర్ వల్ల లాభం తెలిసిందే. చీకటి గదిలో కూడా బొమ్మ మరీ గరుకుగా రాదు, వెనకున్నదంతా మెత్తగా కరిగిపోతుంది. లెన్సు ఊడకపోవడం వల్ల కూడా లాభాలున్నాయని తర్వాత తెలిసింది. ఆ లెన్సుకి ఆ సెన్సరే, ఆ సెన్సర్‌కి ఆ లెన్సే అన్నట్టు రెండిట్నీ కలిపే డిజైన్ చేస్తారు. లోపలికి దుమ్ము పోయే దారి తక్కువ. షట్టర్ లెన్సులోనే ఉంటుంది కాబట్టి నొక్కితే చప్పుడు దాదాపు వినపడదు. ఇక జూమ్ కావాలంటే క్యూ2లో ఒక ఏర్పాటుంది. బటన్ నొక్కితే 35, 50, 75 ఎం.ఎం.లాగా చూపిస్తుంది. నిజానికి అది చుట్టూ ఉన్నది కత్తిరించి పారేయడమే. 47 మెగాపిక్సెల్స్ కాస్తా 75 దగ్గరికొచ్చేసరికి ఆరున్నర అవుతాయి.

"28 ఎం.ఎం. కావాలంటే ఫోన్ ఉందిగా" అన్నాడు ఆఫీసులో ఒక కుర్రాడు. నిజమే. మన ఫోన్లలో అసలు కెమెరా చూపు దాదాపు అంతే వెడల్పు. ఊడని లెన్సు ఒకటి అందరి జేబుల్లోనూ ఉంది. సెన్సరే గోరంత.

ఈ తగువు మనతో మొదలైంది కాదు. ఆస్కార్ బార్నాక్ అనే ఆయన జర్మనీలో వెట్‌జ్లార్ ఊళ్లో లైట్స్ కంపెనీలో పనిచేస్తూ, సినిమా ఫిల్మును అడ్డంగా తిప్పి, ఫ్రేము సైజు రెట్టింపు చేసి చేతిలో ఇమిడే కెమెరా తయారుచేశాడు. ఆ 36, 24 కొలతలు అక్కణ్ణించి వచ్చినవే. 1925లో లైప్‌జిగ్ ప్రదర్శనలో జనం ముందుకొచ్చిన ఆ మొదటి లైకాకి 50 ఎం.ఎం. లెన్సు ఉండేది. అది ఊడేది కాదు. 1930లోగానీ మరతిప్పి లెన్సు మార్చుకునే లైకా రాలేదు. మన దేశంలో తొలి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్ హోమాయి వ్యారావాలా వాడిన కెమెరాల్లో రోలీఫ్లెక్స్ ఒకటి. దానికీ లెన్సు ఊడదు. ఆవిడ స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్ని, గాంధీ అంతిమయాత్రని తీసింది. ఇదంతా చదివాక క్యూ2 వైపు మొగ్గాను. పెద్దవాళ్ల సరసన నిలబడొచ్చనే దురాశ కూడా కొంచెం ఉందేమో, కాదనను.

ఈలోగా ఒక స్నేహితురాలు మంచి సలహా ఇచ్చింది. "ఊరికే సమీక్షలు చదవడం ఆపి, నువ్వు తీసిన ఫొటోలు చూడు. ఏ ఫోకల్ లెంగ్త్‌లో ఎక్కువ తీశావో లెక్క తియ్యి. నీకేం కావాలో నీ ఫొటోలే చెప్తాయి."

ప్రతి డిజిటల్ ఫొటో వెనకా చిన్న చిట్టా ఉంటుంది. ఏ రోజు, ఏ టైముకి, ఏ లెన్సుతో, ఎన్ని ఎం.ఎం. దగ్గర తీశామో రాసిపెట్టి ఉంటుంది. లైట్‌రూమ్‌లో దాన్నిబట్టి ఫొటోలు జల్లెడ పట్టొచ్చు. ఒక ఆదివారం పొద్దున కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. ఏడేళ్లలో దాచుకున్నవి 14,000 పైచిలుకు. 18-55 లెన్సుతో తీసినవి చెల్లాచెదురుగా ఉన్నాయి, ఏ అంకె దగ్గరా పెద్ద గుంపు లేదు. 55-200 జూమ్ దగ్గరికొచ్చేసరికి ఒక్కచోటే కుప్ప పడింది. సరిగ్గా 200 ఎం.ఎం. దగ్గర. 3,000 పైన. అంటే లెన్సు ఎంతవరకు చాగుతుందో అంతవరకు చాచి, ఇంకొంచెం చాగితే బాగుండని కోరుకుంటూ తీసినవి. ఆ చిన్న సెన్సర్ మీద 200 అంటే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 300.

"నీకు క్యూ2 అక్కర్లేదని తేలిపోయిందిగా" అన్నాడు మా ఆయన భుజం మీంచి చూస్తూ. నేను జవాబు చెప్పలేదు. అప్పటికి ఆ మూడు వేలల్లో మనుషులున్నవి విడదీస్తున్నాను. అందులో నాన్నవి విడదీస్తున్నాను.

నాన్నవి మొత్తం 163 ఫొటోలు. 118 ఆ 200 దగ్గరే తీశాను. ఒక్కొక్కటీ తెరిచి చూశాను. కొట్టు అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. రైల్వే గేటు దగ్గర సైకిలు పట్టుకుని ఆగాడు. వాడరేవు ఇసకలో పడవ నీడన స్నేహితులతో కూర్చున్నాడు. బాగున్నాయి. కొన్ని చాలా బాగున్నాయి. ఒక్కదాంట్లో కూడా నావైపు చూడటం లేదు. కాదు, ఒక్కటుంది. అందులో నన్ను గమనించి చెయ్యెత్తబోతున్నాడు. అది ఫోకస్ తప్పింది. వెనకున్న పడవ మోకు మాత్రం స్పష్టంగా పడింది.

ఈ సంగతి నాకు ఆ ఆదివారమే తెలిసిందంటే అబద్ధం. 2023 డిసెంబరులోనే తెలుసు. నాన్న పోయిన మూడో రోజు అన్నయ్య ఫోన్ చేతిలో పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. పెద్దకర్మకి ఫొటో పెద్దది చేయించాలి. "నీ దగ్గర వేలకొద్దీ ఉంటాయి కదమ్మా, మంచిది ఒకటి చూసివ్వు." లాప్‌టాప్ తెరిచి గంటసేపు వెతికాను. అన్నీ పక్కచూపులే. తల తిప్పుకున్నవి, తల వంచుకున్నవి, నవ్వుతూ ఎవరివైపో చూస్తున్నవి. దండ వేసే ఫొటోలో మనిషి మనవైపు చూడాలి. ఫోన్లలో ఉన్నవి కూడా చూశాం. అన్నీ గుంపు ఫొటోలు, నాన్న ఎప్పుడూ అంచునే. కత్తిరించి పెద్దది చేస్తే ముఖం చదరాలు చదరాలుగా అయిపోయింది. చివరికి బీరువాలో బ్యాంకు కాగితాల మధ్య ఒక పాస్‌పోర్ట్ సైజు ఫొటో దొరికింది. ఆ ఊరి స్టూడియో అబ్బాయి ఎవరో రెండు నిమిషాల్లో తీసి, ఆరు కాపీలు కోసిచ్చిన ఫొటో. దాన్నే పెద్దది చేయించాం. వెనక నీలం రంగు వేయించారు. ఇప్పటికీ గోడకున్నది అదే.

నాన్న చీరాలలో ఒక బట్టలకొట్టు గుమస్తా. ముప్పై ఏళ్ల పైన అదే కొట్టు. మనుషుల్తో దగ్గరగా మాట్లాడటం ఆయన ఉద్యోగం, ఇంట్లో మాత్రం మాటలు తక్కువ. కెమెరా ఎత్తితే పైబొత్తాం పెట్టుకుని, చేతులు తొడలకి ఆనించి, బడిపిల్లాడిలా నిలబడేవాడు. "నాన్న ఫొటోలకి బిగుసుకుపోతాడు, అందుకే దూరం నుంచి తీస్తాను" అని చెప్పుకునేదాన్ని. స్నేహితులకే కాదు, నాకూ అదే చెప్పుకునేదాన్ని.

అసలు సంగతి అది కాదు. 2017లో నా పెళ్లి. మా ఆయనది వేరే కులం. నాన్న వద్దని అరవలేదు, సరే అనీ అనలేదు. రిజిస్ట్రారాఫీసుకి ఒక్కడే చీరాల నుంచి వచ్చాడు. సాక్షి సంతకం పెట్టాడు. మేం బయట మెట్ల మీద నిలబడి ఫొటోలు దిగుతుంటే, రైలుకి టైమైందని చెప్పి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నేను ఊరు వెళ్తూనే ఉన్నాను, మాట్లాడుకుంటూనే ఉన్నాం. అన్నం తిన్నావా, రైలెన్నింటికి, ఎండలెట్టా ఉన్నయ్యి. ఆ మరుసటేడు కెమెరా కొన్నాను. దాని వెనకే సెకండ్‌హ్యాండ్‌లో 55-200 కొన్నాను. ఏ కారణం లేకుండా ఒక మనిషిని సేపటికి సేపు చూస్తూ ఉండటానికి అంతకంటే మంచి సాకు లేదు.

నాన్న ఒక్కడే కాదు, అందరినీ అలాగే తీసేదాన్ని. ఒకసారి సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో మెట్ల మీద నిలబడి, కింద పూలమ్ముతున్నావిణ్ణి తీస్తున్నాను. ఆవిడ తలెత్తి చూసింది. "ఆడికెళ్లి ఏం తీస్తున్నవమ్మా? దగ్గరికొచ్చి తియ్యరాదు?" అని కేకేసింది. కోపంగా కాదు, పిలిచినట్టే. నేను వినపడనట్టు కెమెరా దించేసి ఇంకోవైపు నడిచాను. ఆ ఫొటో చాలామంది మెచ్చుకున్నారు.

ఆ ఆదివారం రాత్రి ఒక కాగితం మీద లెక్క వేశాను. కెమెరాని నిలువుగా తిప్పి, నడుం నుంచి తల పైదాకా, అంటే ఇంచుమించు మీటరు ఎత్తు ఫ్రేములో పట్టేలా మనిషిని తీయాలనుకోండి. ఫ్యూజీ మీద 200 ఎం.ఎం. పెడితే ఎనిమిదిన్నర మీటర్ల దూరంలో నిలబడాలి. క్యూ2 28 ఎం.ఎం.కి 80 సెంటీమీటర్ల దూరం చాలు.

80 సెంటీమీటర్లు అనగానే చెయ్యి ఆగిపోయింది. అది జాకెట్టు ముక్క. కొట్టులో చిన్నప్పుడు ఎన్ని వందలసార్లు చూశానో. నాన్న ఇనుప మీటరు బద్దకి గుడ్డ ఆనించి, 80 దగ్గర బొటనవేలితో పట్టి, కత్తెరతో చిన్న గాటు పెట్టి, సర్రున చింపేవాడు. చీర అయిదున్నర మీటర్లు, జాకెట్టు ముక్కతో కలిపి 6.3. ఆ లెక్కన నేను నాన్నకి ఒక నిండు చీర పరిచి, దాని చివర ఇంకో రెండు మీటర్లు పోగేసినంత దూరంలో నిలబడి ఫొటోలు తీశాను. ఏడాది తర్వాత ఏడాది.

ఇంకో సంగతి కూడా ఆ వారమే సరిగ్గా అర్థమైంది. ముఖం ఎలా కనిపిస్తుందన్నది లెన్సుని బట్టి మారుతుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ మారేది దూరాన్ని బట్టి. దగ్గరికెళ్తే ముక్కుకీ చెవికీ మధ్యనున్న దూరం కూడా లెక్కలోకొస్తుంది, ముక్కు పెద్దదవుతుంది. దూరం వెళ్తే ఆ తేడా చెరిగిపోయి, ముఖం చదునై, అందంగా కనిపిస్తుంది. లెన్సు చేసేదల్లా ఆ దూరం నుంచి కనిపించేదాంట్లో ఎంత ముక్క కత్తిరించాలో చెప్పడమే. ఎక్కడ నిలబడాలో తేల్చుకోవాల్సింది మనం. నేను రెండు నెలలుగా సెన్సర్ల గురించి చదువుతున్నానుగానీ, ఎంచుకోవాల్సింది అది కాదేమో అనిపించింది.

నా స్నేహితురాలి బాస్ దగ్గర క్యూ2 ఉందని తెలిసి, సిగ్గు విడిచి ఒక వారాంతానికి అడిగాను. ఆయన ఇచ్చాడు, పసిబిడ్డని ఇస్తున్నట్టు రెండు చేతుల్తో. రాత్రి రైల్లో దాన్ని చున్నీలో చుట్టి తలకింద పెట్టుకుని పడుకున్నాను. పడుకున్నాననడమేగానీ, నిద్ర పట్టలేదు.

ఇంట్లో అమ్మ వంటింట్లో కింద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నేను ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నాను. ఇంకా వెనక్కి జరిగితే 28 ఎం.ఎం.లో అమ్మ చిన్నదైపోయి గ్యాసు బండ పెద్దదవుతోంది. కెమెరా ఎత్తాను.

"అట్టా మీదకొస్తే ఎట్టా? ముక్కు పెద్దగా పడుద్ది" అంది.

ఫిజిక్సు చదవకుండానే చెప్పేసింది. నిజంగానే పెద్దగా పడింది. కానీ ఆ వెడల్పులో వంటిల్లంతా వచ్చింది. కిటికీ ఊచలు, కిరాణా కొట్టు క్యాలెండరు, గుమ్మం అవతల ముందుగదిలో నీలంరంగు మీద నాన్న. 200 ఎం.ఎం.తో తీసినవాటిలో మనుషులుంటారు, వాళ్ల ఇళ్లుండవు.

తీసిన మొదటి పది నిమిషాలూ అన్నీ చెత్త. అమ్మ కొంగు సర్దుకుంటుంది, నవ్వు తెచ్చిపెట్టుకుంటుంది, "ఇంక చాల్లే" అంటుంది. అంత దగ్గర కూర్చుని ఊరికే నొక్కుతూ ఉండటం కుదరదు. ఏదో ఒకటి మాట్లాడాలి. నేను కూడా చింతపండు తీసుకుని గింజలు తీయడం మొదలుపెట్టాను. కెమెరా మెడలో వేలాడుతోంది. అప్పుడంది అమ్మ, నావైపు చూడకుండానే:

"ఆ రోజు రిజిస్ట్రారాఫీసుకి మీ నాన్న చీర తెచ్చాడే నీకు. కొట్లో ఏరి ఏరి తీసుకున్నాడు. మళ్లా సంచిలో పెట్టుకొని తిరిగొచ్చాడు. నీ స్నేహితులంతా ఫొటోలు దిగతన్నారంట. మధ్యలో పోయి ఎట్టా ఇచ్చేది అన్నాడు."

నా గొంతు నాకే వేరేగా వినపడింది. "ఏదీ ఆ చీర?"

"మీ వదినకిచ్చా. శ్రావణమాసానికి."

నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వాను. అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు నేను తీయలేదు. చేతులకంతా చింతపండు.

ఆ మధ్యాహ్నమే నేను తెచ్చిన ప్రింటు ఒకటి అమ్మకి చూపించాను. వాడరేవులో 2022లో తీసింది. నాన్న తల వెనక్కి వాల్చి పగలబడి నవ్వుతున్నాడు, ఒక చెయ్యి పక్కాయన భుజం మీద ఉంది. ఆయనకి పక్కపన్ను ఊడిందన్న సంగతి నాకు ఆ ఫొటో చూసే తెలిసింది. "గోడకున్నది తీసేసి ఇది కట్టిద్దామా అమ్మా, ఇందులో ఎంత బాగున్నాడో" అన్నాను. అమ్మ చాలాసేపు చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

"బాగుంది. దాచుకుంటాలే" అంది. "ఇందులో ఆయన వాళ్లతో ఉన్నాడు. గోడ మీద దాంట్లో నన్ను చూస్తన్నట్టుంటది. అదే ఉండనీ."

స్టూడియో అబ్బాయి రెండు నిమిషాల్లో చేసిన పని నేను ఆరేళ్లలో చేయలేదు. అలా అనుకుంటూనే సాయంత్రం క్యూ2 మెడలో వేసుకుని వాడరేవు వెళ్లాను. ఇక ఈ కెమెరానే కొనాలని దాదాపు నిశ్చయించుకున్నాను. ఎవరి దగ్గరకైనా వెళ్లక తప్పని కెమెరా. దూరం నిలబడే వీలే ఇవ్వని కెమెరా. నాకు కావాల్సింది మందలాంటి ఆ కట్టుబాటే అనుకున్నాను.

నాన్న స్నేహితులు ముగ్గురూ అక్కడే ఉన్నారు, అదే పడవ నీడన. ఒకాయన నాన్నతోపాటు కొట్లో చేసినాయన, ఒకాయన రిటైరైన పోస్ట్‌మన్, ఇంకొకాయన సోడాబండి ఆయన. దూరం నుంచే వాళ్ల నవ్వులు వినపడుతున్నాయి. ఆ నవ్వు తీయాలని నడిచాను. ఇంకా పది అడుగులుందనగానే నన్ను చూశారు. నవ్వాగిపోయింది. ముగ్గురూ లేచి నిలబడ్డారు. పోస్ట్‌మన్ గారు తువ్వాలు భుజం మీద సర్దుకుని "రామ్మా, ఎప్పుడొచ్చావు? అమ్మ ఎట్టా ఉంది?" అన్నారు. నేను దగ్గరికి వెళ్లేసరికి వాళ్లు చచ్చిపోయిన స్నేహితుడి కూతురి ముందు నిలబడ్డ ముగ్గురు పెద్దమనుషులు. ఫొటో తీశాను. ముగ్గురూ నేరుగా నావైపు చూస్తున్నారు. మంచి ఫొటో. వాళ్లకి ప్రింట్లు పంపాను కూడా. కానీ నాన్న నవ్విన నవ్వు అందులో ఎవరి ముఖంలోనూ లేదు, ఉండే వీలూ లేదు.

తిరిగొచ్చే రైల్లో తేలింది. నాన్న అలా పగలబడి నవ్వుతాడని నాకు ఆ 200 ఎం.ఎం. లేకపోతే తెలిసేదే కాదు. 80 సెంటీమీటర్ల దూరం వెళ్తే ఆయన నాన్నయిపోయేవాడు, పైబొత్తాం పెట్టుకునేవాడు. ఎనిమిదిన్నర మీటర్ల దూరాన ఒక బట్టలకొట్టు గుమస్తా తన స్నేహితుల మధ్య ఉన్నాడు. ఆ మనిషిని నేను చూడగలిగింది దొంగచాటుగానే. అది తప్పని ఇప్పటికీ అనుకోలేకపోతున్నాను. తప్పంతా ఆ ఒక్క దూరంలోనే ఆరేళ్లు నిలబడిపోవడం. ఒక్కసారైనా ఆ పడవ దాకా నడిచి వెళ్లి "నాన్నా, ఇటు చూడు" అనకపోవడం. అంటే బిగుసుకునేవాడు. బిగుసుకున్న ఫొటో అయినా ఒకటి ఉండేది.

క్యూ2 సోమవారం పొద్దున్నే తిరిగిచ్చేశాను. నేను కొనలేదు. గొప్ప కెమెరా, అందులో సందేహం లేదు. ఆ వంటింటి చీకట్లో అది పట్టిన వెలుతురు నా పాత కెమెరా పట్టలేదు. లెన్సు మీదున్న రింగు తిప్పితే 17 సెంటీమీటర్ల దాకా దగ్గరికెళ్లొచ్చు. అమ్మ వేళ్లకి అంటిన చింతపండు పీచు కూడా పడింది. ఎప్పుడూ ఒకే దూరంలో ధైర్యంగా నిలబడగలిగినవాళ్లకి అదే చాలు. నాకు చాలదు. కొన్నిసార్లు దూరం కావాలి, ఆ దూరం ఎందుకు కావాలో తెలిసి ఉండాలి. ఊడని లెన్సు ఆ ప్రశ్నని మనకి బదులు తనే తేల్చేస్తుంది. మారే లెన్సైతే ప్రతిసారీ మనమే తేల్చుకోవాలి. తప్పించుకునే వీలు కూడా దాంట్లోనే ఉంది, నాకంటే బాగా ఎవరికి తెలుసు.

ఎక్స్-టీ5 కూడా కొనలేదు. కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగి తిరిగి, వాడిన 23 ఎం.ఎం. ఎఫ్ 2 లెన్సు ఒకటి కొన్నాను. 180 గ్రాములు, గుప్పిట్లో పడుతుంది. నా పాత కెమెరా మీద అది ఫుల్ ఫ్రేమ్‌లో 35 ఎం.ఎం. పనిచేసినట్టు పనిచేస్తుంది. నడుం దాకా మనిషిని తీయాలంటే దానికి 98 సెంటీమీటర్లు కావాలి. జాకెట్టు ముక్కకి ఒక జానెడు ఎక్కువ. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు కెమెరాకి అదే ఉంటుంది. 55-200 సంచి అడుగున ఉంటుంది. అమ్మలేదు, అమ్మను. మిగిలిన డబ్బు బ్యాంకులో ఉంది. మా ఆయన ట్యాబ్‌లు మూసేసినందుకు సంతోషించాడు.

మోండా మార్కెట్‌కి మళ్లీ వెళ్లాను. ఆ పూలావిడ కనపడలేదు. ఆ చోట ఇంకెవరో కొత్తిమీర అమ్ముతున్నారు. కట్ట కొన్నాను, మాట్లాడాను, అడిగి ఫొటో తీశాను. మామూలు ఫొటో. ఎవరూ మెచ్చుకోలేదు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మని వాకిట్లో కూర్చోబెట్టాను. మెట్టు మీద పొద్దుటి ఎండ పడుతోంది. "నావైపు చూడు" అన్నాను. చూసింది. కొంగు సర్దుకుంది, పెదవులు బిగించింది. నేను ఆగలేదు. బిగించిన పెదవుల్తోనే ఒకటి తీశాను, తర్వాత ఇంకో నాలుగు. కెమెరా వెనక బొమ్మ చూపిస్తే కళ్లు చిట్లించి చూసింది.

"పోయినసారి కంటే నయం, ముక్కు కొంచెం తగ్గింది" అంది. తర్వాత కెమెరా నా చేతికిస్తూ, "ఇది జాగర్తగా దాచిపెట్టు. రేపు మీ అన్న అడిగినప్పుడు వెతుక్కునే పనుండకూడదు" అని, పొయ్యి మీద పాలున్నాయంటూ లోపలికి వెళ్లింది.